ఆపరేటరమ్మ చెవిలో ఈల

ఆ పొద్దున రేడియో మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానానికి వెళ్లగానే ఆవిడ చెవి మిషన్‌ని శుభ్రంగా తుడిచి, ఆవిడ బయటికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టేయాలి. పావుగంట పని. దుకాణం మూసేసి పన్నెండేళ్లయినా వీధిలో ఆయన పేరు రేడియో మేస్త్రే. పనిముట్ల పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంది. దాన్ని బయటికి లాగడానికి ఏ చిన్న సాకు దొరికినా ఆయన వదలడు.

ఈసారి దొరికింది సాకు కాదు, నిజంగానే కారణం. సాయంత్రం ఆవిడ పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్లాలి. ఆ భవనాన్ని వచ్చే నెలలో కూలగొట్టేస్తున్నారట. అందులో పనిచేసిన ఆపరేటర్లంతా చివరిసారిగా రెండో అంతస్తు హాల్లో మూడింటికి కలిసి, అయిదున్నరకల్లా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోదామనుకున్నారు. ఆ హాల్లో బోర్డు ముందు కూర్చుని, తీగలు గుచ్చుతూ తీస్తూ ఇరవై రెండేళ్లు ఊళ్లని ఊళ్లతో కలిపిన మనిషి ఆవిడ. వీధి వీధంతా ఆవిడని ఇప్పటికీ ఆపరేటరమ్మ అనే అంటుంది.

అయితే ఆవిడ వెళ్లాలనుకుంటున్నది భవనం కోసం కాదు. ట్రంకు లైనుకి అవతలి చివర, ఇంకో ఊరి ఎక్స్ఛేంజిలో ఒకావిడ ఉండేది. ఈవిడకి ఆవిడ అవతలి అక్క, ఆవిడకి ఈవిడ ఇవతలి చెల్లి. లైను ఖాళీ దొరికిన రెండు మూడు నిమిషాల్లోనే ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. ఆపరేటరమ్మ కడుపుతో ఉన్న సంగతి మేస్త్రి కంటే ముందు అవతలి అక్కకే తెలిసింది. ఆ విషయం తల్చుకుంటే మేస్త్రికి ఇప్పటికీ కాస్త కడుపుమంటే. ఇన్ని చెప్పుకున్నవాళ్లు ఇరవై రెండేళ్లలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత మనుషులతో పనిలేని యంత్రాలొచ్చాయి. బోర్డులు పీకేశారు. ఆపరేటరమ్మ వినికిడి కూడా మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. ఎడమ చెవి మీద డాక్టర్లు ఆశ వదిలేశారు. కుడి చెవికి మిషన్ పెడితే ఎదురుగా ఉన్న మనిషి మాట అందుతుంది, ఫోను మాత్రం అందదు. ఎనిమిదేళ్లుగా ఇద్దరికీ ఉత్తరాలే దిక్కు, ఈమధ్య సెల్‌ఫోన్‌లో నాలుగు ముక్కల సందేశాలు. ఇప్పుడు అవతలి అక్క రైలెక్కి వస్తోంది. "ఫొటో పంపకు, పేరు చెప్పకు. హాల్లో ఎంతమంది ఉన్నా నీ గొంతు విని నేనే పట్టుకుంటాను, పందెం" అని ఆపరేటరమ్మ రాసింది. అవతలినుంచి చాలా రోజులకి "సరే" అని ఒక్క ముక్క వచ్చింది.

"ఒక్కసారి ఆ గొంతు వింటే చాలండీ" అంది ఆవిడ ముందురోజు, మడతపెట్టిన చీరల ముందు కూర్చుని. "తర్వాత ఈ చెవి కూడా పోయినా నాకేం బాధ లేదు."

ఆ మాట మేస్త్రి గుండెకి తగిలింది. అందుకే స్నానాల గది తలుపు మూసుకోగానే పెట్టె లాగాడు.

చెవిలోకి వెళ్లే తీగ చివర మెత్తటి రబ్బరు టోపీ ఒకటుంటుంది, బఠాణీ గింజంత. దాన్ని ఊడదీసి కుళాయి కింద పెట్టాడు. నీళ్లు పట్టుకుపోయాయి. తూములో ఒక్క గింగిరం కొట్టి, టోపీ కనపడకుండా పోయింది.

మేస్త్రి కంగారుపడలేదు. మిషన్‌తో పాటు ఆరు టోపీల పొట్లం ఇచ్చారు కదా! సొరుగు లాగాక గుర్తొచ్చింది, ఆ పొట్లానికి ఏ గతి పట్టిందో. బల్ల గీసుకుపోకుండా నాలుగు టోపీల్ని పాత రేడియో కింద కాళ్లుగా జిగురుపెట్టి అంటించింది తనే. మిగిలిన రెండూ జారిపోకుండా కళ్లజోడు కాడలకి తొడుక్కున్నదీ తనే. అప్పుడు ఆ ఆలోచనకి తన భుజం తనే తట్టుకున్నాడు కూడా. ఇప్పుడవి సాగిపోయి చెవికి పనికిరావు.

స్నానాల గదిలో మగ్గు చప్పుడు ఆగింది. మేస్త్రి గబగబా విడిభాగాల డబ్బా తిరగేశాడు. ఒక కంపెనీ మీట ఇంకో కంపెనీ రేడియోకి తొడిగి, ఫ్యాను బుష్ టేప్‌రికార్డర్‌కి బిగించి నలభై ఏళ్లు బతికిన మనిషి. "తయారుచేసినవాడు సరిపోదంటాడు. అరగదీస్తే సరిపోతుంది" అన్నది ఆయన సిద్ధాంతం. ఫ్యాను ఇరుసుకి తొడిగే నల్లటి రబ్బరు బుష్‌లు రెండు దొరికాయి. ఒకదాన్ని ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్ది తీగ చివర కూర్చోబెట్టి, రెండోది జేబులో వేసుకున్నాడు. మిషన్‌ని చెవి దగ్గర పెట్టుకుని, గుప్పిట మూసి, తెరిచి, పరీక్ష చేశాడు. కిక్కురుమనలేదు. పని అయిందనుకున్నాడు.

"ఏంటండీ, ఇవాళ బిగుతుగా ఉంది?" అంది ఆపరేటరమ్మ, తల తుడుచుకుని మిషన్ పెట్టుకుంటూ.

"శుభ్రం చేశాను కదా. మాట వినపడుతోందా?"

"వినపడుతోంది. కొంచెం గరగరగా ఉంది."

"అదే సర్దుకుంటుందిలే."

అప్పుడు వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఈల ఎక్కడ మోగుతోంది? నేనింకా కుక్కరే పెట్టలేదు!"

"ఈలేంటి?" అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే.

సన్నటి ఈల. సూదిలా గుచ్చే ఈల. కోడలు ముందు స్టవ్ చూసింది, తర్వాత ఫ్రిజ్ తీగ పీకింది. ఆపరేటరమ్మ కూడా సాయం చేద్దామని వెనకాలే వంటింట్లోకి వచ్చింది, వెనకాలే ఈలా వచ్చింది. కోడలు స్నానాల గదిలోకి వెళ్లి కుళాయిలన్నీ బిగించింది. అత్తగారు గుమ్మంలో నిలబడి "ఏమైనా దొరికిందా అమ్మాయ్?" అని అడిగింది. ఈల అక్కడికీ వచ్చేసింది. కోడలికి ముచ్చెమటలు పోశాయి.

కింది వాటాలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు మెట్లెక్కి వచ్చారు. "గ్యాస్ పైపు చిల్లిపడింది, సందేహం లేదు. ఎవరూ అగ్గిపుల్ల గీయకండి!" అని కేకలేసి, కిందికి దిగి మొత్తం భవనానికి వచ్చే గ్యాస్ కట్టేశారు. ఎనిమిది వాటాల్లో పొయ్యిలు ఆరిపోయాయి. ఎనిమిది వాటాల వాళ్లూ గరిటెలతో సహా మెట్ల మీదికి వచ్చారు.

"మేస్త్రిగారూ, మీరు చెప్పండి" అన్నారు మాస్టారు. "మాదేముంది, మామూలు చెవులు. మీరు రేడియో ఎక్కడ తప్పిందో విని చెప్పే మనిషి. ఈల ఎటునుంచి వస్తోంది?"

మేస్త్రి కళ్లు మూసుకుని, తల పక్కకి వాల్చి, నిమిషం సేపు విన్నాడు. ఆ వాలకం చూసి అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఈలా లేదు, గోలా లేదు" అని తేల్చేశాడు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేస్త్రిగారికే వినపడలేదంటే అది ఈల ఎలా అవుతుంది? మూడో వాటా ఆవిడ తనకి రక్తపోటు పెరిగిందేమోనని వెళ్లి పడుకుంది. మాస్టారు రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టి ఆడించుకుని, తనక్కూడా వినపడటం లేదేమోనని అనుమానం వెలిబుచ్చారు. కోడలొక్కతే మొండికేసింది. "నాకు వినపడుతోంది మావయ్యా! ఒట్టు!"

గ్యాస్ కంపెనీ మనిషి పెట్టెతో వచ్చేసరికి పన్నెండయింది. పైపు పొడుగునా సబ్బునురగ పూశాడు. ఎక్కడా బుడగ లేదు. మీటరు పెట్టి చూశాడు, ముల్లు కదల్లేదు. ఈ హడావుడికి తలనొప్పి వచ్చి, ఆపరేటరమ్మ మిషన్ తీసి, కట్టేసి, కాసేపు నడుం వాల్చింది. ఈల టక్కున ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గ్యాస్ మనిషి ఒక నట్టు పావు చుట్టు బిగించి ఉన్నాడు.

"ఇదేనండీ, నట్టు వదులైంది" అని సంతకం పెట్టించుకుని, పొగడ్తలతో సహా వెళ్లిపోయాడు. ఎనిమిది వాటాల్లోనూ మళ్లీ పొయ్యిలు వెలిగాయి.

రెండున్నరకి ఆపరేటరమ్మ ముదురు నీలం చీర కట్టుకుంది. ఉద్యోగంలో మొదటిరోజు కట్టుకున్న రంగట. అద్దం ముందు మిషన్ పెట్టుకుంటుంటే కోడలు వెనక నిలబడి జడకి పిన్ను పెడుతోంది. పిన్ను చేతిలోంచి జారిపోయింది.

"అత్తయ్యా" అంది నెమ్మదిగా, "ఈల మీ చెవిలోంచి వస్తోంది."

మిషన్ తీసి చూశారు. నల్లటి బుష్ నవ్వినట్టు కనపడింది. ఇద్దరూ మేస్త్రి వైపు తిరిగారు. మేస్త్రి తూము దగ్గర్నుంచి ఉప్పుకాగితం దాకా ఒక్కటీ దాచకుండా ఒప్పుకున్నాడు.

ఆపరేటరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచం మీద కూర్చుని మిషన్‌ని అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఆ బోర్డు మీద నాలుగొందల కన్నాలుండేవి" అంది. "ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు ఒక తీగ తప్పు కన్నంలో పెట్టలేదు నేను. మీరు నా చెవిలో ఫ్యాను బుష్ పెట్టారు."

"అరగంటలో అసలుది తెస్తాను" అని మేస్త్రి చెప్పులేసుకున్నాడు. "మిషన్ కూడా పట్టుకెళ్లండి" అని కోడలు వెనకనించి అరుస్తూనే ఉంది. అది లేకుండా ఆవిడని గాభరా పెట్టడమెందుకని, "సైజు నాకు తెలుసు" అంటూ మెట్లు దిగేశాడు.

చెవి మిషన్ల దుకాణంలో గల్లా వెనక తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఉంది. "రబ్బరు టోపీ ఒకటివ్వమ్మా, చెవికి పెట్టేది" అన్నాడు మేస్త్రి, మేకులడిగినంత ధీమాగా.

"ఏ కంపెనీ మిషనండీ?"

"బూడిదరంగుది."

"మోడల్ నెంబరు?"

"చిన్నది. చెవి వెనక కూర్చుంటుంది."

"అన్నీ అక్కడే కూర్చుంటాయి తాతగారూ." ఆ అమ్మాయి ఓపిగ్గా ఒక పళ్లెం బయటికి తీసింది. అందులో గళ్లు గళ్లుగా టోపీలే. "కన్నాలున్నవి, లేనివి, రెండు పొరలవి. ఒక్కొక్కదాంట్లో నాలుగైదు సైజులు. కంపెనీకో రకం పట్టు ఉంటుంది, ఒకరిది ఇంకొకరి తీగకి పట్టదు. బలవంతాన తొడిగితే చెవిలోనే ఊడిపోయి ఉండిపోతుంది, లేదా సందుల్లోంచి చప్పుడు కారి మళ్లీ మిషన్‌లోకే వెళ్లి ఈల వేస్తుంది. ఆవిడ చెవి సైజెంత?"

మేస్త్రి చూపుడువేలూ బొటనవేలూ దగ్గరపెట్టి ఒక కొలత చూపించాడు. అది చెవిది కాదు, ఆయన భయానిది. నలభై మూడేళ్లు పక్కన కూర్చున్న చెవి ఎంతుంటుందో ఆయనకి తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తే కోడలు ఎత్తలేదు. అక్షరాలు చదువుదామని పళ్లెం మీదికి వంగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆగండాగండి" అంది ఆ అమ్మాయి. "మీ కళ్లజోడు కాడలకి ఉన్నవేంటి?"

మేస్త్రి సిగ్గుతో చెవుల దాకా ఎర్రబడ్డాడు. అమ్మాయి వాటిని భూతద్దం కింద పెట్టింది. సాగిపోయి పనికిరాకుండా పోయాయి కానీ, పట్టు ఆకారం, పక్కన అచ్చుగుద్దిన అంకె చెక్కుచెదరలేదు. "కన్నాల్లేనిది, మధ్య సైజు" అని అదే కంపెనీ పొట్లం తీసింది.

అక్కడితో వచ్చేస్తే గొడవలేకపోను. మేస్త్రికి లోపల ఉక్రోషం ఆగలేదు. జేబులోంచి రెండో బుష్ తీశాడు. "ఇది మాత్రం ఎందుకు పనికిరాదో చెప్పు తల్లీ. పొద్దున నేను చెవి దగ్గర పెట్టుకుని చూశాను. ఒక్క చప్పుడు లేదు."

ఆ అమ్మాయి నవ్వుతూ, చూపించడానికి పెట్టుకున్న పాత మిషన్‌కి ఆ బుష్ తగిలించి గుప్పిట మూసింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడి చెవులు మూసుకున్నారు. వీధిలో వెళ్తున్న కుక్క ఒకటి ఆగి లోపలికి చూసింది.

"ఏదీ? ఏం లేదే!" అన్నాడు మేస్త్రి.

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. మిషన్ కట్టేసి, గొంతు తగ్గించి, "తాతగారూ, పది నిమిషాలు లోపల కూర్చుంటారా?" అంది.

అద్దాల గదిలో పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు మేస్త్రి. చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. మొదట్లో బడిపిల్లాడిలా టకటకా ఎత్తాడు. కాసేపటికి చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. అవతల ఆ అమ్మాయి మీటలు నొక్కుతూనే ఉంది.

బయటికొచ్చాక గీత చూపించింది. సగం దాకా తిన్నగా వెళ్లి, అక్కడినుంచి జారుడుబల్లలా కిందికి దిగిపోయింది. "మాటలు బాగానే వినపడతాయి. సన్నటి చప్పుళ్లే పోయాయి. ఈలలు, పిట్టల కూతలు, అలాంటివి."

మేస్త్రి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ మధ్య కుయ్యిమనే సన్నటి కూతని బట్టి ముల్లు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ కూత కోసమే సాయంత్రాలు దుకాణం ముందు పిల్లలు గుమిగూడేవాళ్లు. నాలుగేళ్లుగా ఆయన వీధిలో కనిపించినవాళ్లందరితోనూ పిచ్చుకలు కరువైపోయాయని బాధపడుతున్నాడు. పిచ్చుకలు ఎక్కడికీ పోలేదన్నమాట. ఆయనకి కళ్లు చెమర్చాయి. అప్పుడు గోడ గడియారం కనపడింది. నాలుగుంపావు.

ఇంటి దగ్గర ఆపరేటరమ్మ నాలుగింటి దాకా చూసి లేచింది. "ఈలైతే ఈలే. నేను పోతున్నా. అక్క వెళ్లిపోతే ఈ టోపీ ఎందుకు, ఈ చెవి ఎందుకు?" అని, కోడల్ని తోడు తీసుకుని, ఆటోలో ఈల వేసుకుంటూ బయల్దేరింది. ఆటో అబ్బాయి దారి పొడుగునా బ్రేకులు చూసుకున్నాడు.

ఎక్స్ఛేంజి హాల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. బోర్డులు ఉండే చోట గోడ మీద వెలిసిన గుర్తులు మాత్రం మిగిలాయి. కిటికీ పక్కన ఒక సన్నటి పెద్దావిడ మెడచుట్టూ శాలువా కప్పుకుని, మూడింటినుంచీ ఎవరితోనూ పెదవి కదపకుండా కూర్చుంది. ఎవరి అత్తగారో తోడు వచ్చిందనుకున్నారు అంతా.

ఈల మెట్లెక్కుతూ పైకొచ్చింది. ముప్ఫైమంది ఆపరేటర్లూ కబుర్లు ఆపేసి తలలెత్తారు. అలవాటు ఎక్కడికి పోతుంది! ఒకావిడ చెయ్యి గాలిలోనే తీగ వెతుక్కుంది. తెల్లజుట్టు సూపర్‌వైజరమ్మ కుర్చీలోంచి సగం లేచి, "ఎవరిదమ్మా ఆ పాడు లైను?" అని గద్దించింది.

ఆపరేటరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. అన్ని మొహాలూ తనవైపే. పెదవులు కదులుతున్నాయి, చెవిలో మాత్రం గరగర తప్ప మాట లేదు. ముప్ఫై గొంతుల్లో ఒక్క గొంతూ విడిగా అందడం లేదు. ఆవిడకి ఏడుపొచ్చింది.

కిటికీ పక్క పెద్దావిడ లేచి నేరుగా ఆవిడ దగ్గరికి నడిచింది. ఏమీ అనకుండా అరచెయ్యి ఆవిడ కుడి చెవి దగ్గర పెట్టింది. ఈల రెండింతలైంది. తీసింది. తగ్గింది.

అప్పుడే మేస్త్రి రొప్పుతూ వచ్చాడు. బుష్ లాగి పారేసి, కొత్త టోపీ తొడిగి, తీగని భార్య చెవిలో పెట్టాడు. ఈల ఆగిపోయింది.

"ఏం, గుర్తుపట్టలేదా?" అంది పెద్దావిడ. బొంగురు గొంతు, రంపంతో చెక్క కోసినట్టుంది.

ఆపరేటరమ్మ శ్రద్ధగా విని, ఆ గొంతుని జ్ఞాపకాలన్నిట్లోనూ వెతికి, బాధగా తల అడ్డంగా ఊపింది. "క్షమించండి. మీరు ఏ బోర్డు?"

పెద్దావిడ మొహం వాడిపోయింది. శాలువా బిగించుకుని వెనక్కి తిరిగింది. మేస్త్రికి ఇదేమీ పట్టలేదు. ఆయన బాధ ఆయనది. చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటిగా పరీక్షగా చూస్తూ, "ఏమండీ, ఎవరైనా చెప్పండి, ఈల ఆగిందా?" అని అడిగాడు.

హాలు గొల్లుమంది. ఆ పెద్దావిడా ఆపుకోలేక నవ్వేసింది. గొంతు మారింది కానీ నవ్వు మారలేదు: రెండు పొట్టి, ఒకటి పొడుగు, చివర ఊపిరి లోపలికి పీల్చుకున్న చిన్న చప్పుడు.

ఆపరేటరమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది. "అక్కా!"

తర్వాత చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. "మూడేళ్లయిందే గొంతుకి ఆపరేషనై" అంది అవతలి అక్క. "గొంతు విని పట్టుకుంటానన్నావు. నా దగ్గర ఆ గొంతే లేదు. నోరు విప్పకుండా నిన్నొకసారి చూసి వెళ్లిపోదామనే వచ్చాను."

"మరి లేచి వచ్చావుగా?"

"ఇరవై రెండేళ్లు మీ చివరినుంచే ఈల కొట్టేది లైను. అది వినీ కూర్చోగలనా?"

తలుపులు వేయడానికి వచ్చిన కాపలావాడు ఏడింటి దాకా వాళ్లిద్దరినీ కదపలేకపోయాడు.

తిరుగు బస్సులో మేస్త్రి ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. "చూశావా! నా బుష్ లేకపోతే మీ అక్క నోరే విప్పకపోను" అన్నాడు. ఆపరేటరమ్మ కాదనలేదు, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అదే అదనని ఆయన జేబులోంచి పరీక్ష కాగితం తీసిచ్చి, దిగులు మొహం పెట్టి, "ఇకనుంచి నేను పలక్కపోతే ఏమీ అనుకోకు. నాకూ చెవుడేనట" అన్నాడు.

ఆవిడ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని గీత వెంట వేలు నడిపించింది. అలాంటి గీతలు ఆవిడ చాలానే చూసింది.

"జారింది ఈ చివర, ఈలల దగ్గర. నా గొంతు ఈ చివర ఉంటుంది. ఇక్కడ మీకు నిక్షేపంలా వినపడుతుంది. మరి ఇన్నేళ్లుగా నేను పిలిస్తే పలకనిదెందుకు?"

మేస్త్రికి ఆ ముక్క వినపడలేదు.